అట్ట మీద పేరు లేని విడాకులు

మా ఊళ్లో కుటుంబ న్యాయస్థానపు రికార్డులన్నీ పరమ భద్రంగా ఉన్నాయని మనవి చేసుకోవడానికి సంతోషిస్తున్నాను. ఎంత భద్రంగా ఉన్నాయంటే, వాటిలో ఏది ఎక్కడుందో ఎవరికీ తెలీదు. కోర్టువారికి కూడా.

మాది కొండ మీద ఊరు. ఉన్నది ఒకటే రోడ్డు. అది మా ఊరిదాకా ఎక్కి, ఆయాసపడి, ఆగిపోతుంది. అక్కడినుంచి ఇంకా పైకి వెళ్లాల్సిన పని ఎవరికీ ఉండదని రోడ్డు వేసినవారు తీర్మానించారు. మంచు పడితే ఆ ఒక్క రోడ్డూ మూసేస్తారు. మళ్లీ ఎండ కాసేదాకా మా మొహాలు మేమే చూసుకోవాలి, మా మాటలు మేమే వినాలి. అయినా ప్రభుత్వంవారు మమ్మల్ని చిన్నచూపు చూడలేదు. కాపురాలు విడగొట్టుకోవడానికి ప్రజలు అంత దూరం కొండ దిగి వెళ్లే కష్టం తప్పించాలనే సదుద్దేశంతో, నెలకోసారి జడ్జిగారే పైకి వచ్చేలా ఏర్పాటు చేశారు. తగిన భవనం కూడా కేటాయించారు. పాత గిడ్డంగి అది. పైన కోర్టు, కింద సెలూన్.

మధ్యలో ఉన్నది చెక్క నేల. పలకల సందులు ఎలాంటివంటే, పైన గుమస్తా చేతిలోంచి పెన్సిలు జారితే కింద గడ్డం గీయించుకుంటున్నవాడి ఒళ్లో పడేది.

కుటుంబ వ్యవహారాల విచారణ గోప్యంగా జరగాలని చట్టం చెబుతోంది. మా కోర్టు ఆ చట్టాన్ని తు.చ. తప్పకుండా పాటించేది. వాయిదా రోజున తలుపు మూసి, గడియ పెట్టి, "రహస్య విచారణ. ఇతరులు లోపలికి రాకూడదు" అని బోర్డు తగిలించేవారు. ఆ నిబంధనను మా ఊళ్లో ఇంతవరకూ ఒక్కరు కూడా ఉల్లంఘించలేదు. అందరూ కిందే కూర్చునేవారు. ఆ రోజు ఊరి మగవాళ్లందరికీ పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి గడ్డం పెరిగేది. ఆడవాళ్లు కత్తెరలు సానబెట్టించుకోవడానికి వచ్చేవారు. సెలూన్ ఆయనకి న్యాయస్థానం మీద ఎనలేని గౌరవం. పైన వాంగ్మూలం నడుస్తున్నంతసేపూ కత్తెర ఆడించేవాడు కాదు. సగం క్రాపుతో కూర్చున్నవాళ్లు కూడా కిక్కురుమనేవారు కాదు.

టైలరమ్మ విడాకులు కూడా అంతే గోప్యంగా జరిగాయి.

టైలరమ్మంటే మా వీధి మలుపులో కుట్టు మిషను పెట్టుకున్నావిడ. ఊరందరి కొలతలూ ఆవిడకి నోటికి వచ్చు. పక్కవాళ్లకి ఒక్క అంగుళం కూడా చెప్పేది కాదు. ఆవిడ మొదటి భర్త గడియారాల ఆయన. నుదుటి మీద భూతద్దం, చేతిలో చిన్న స్క్రూడ్రైవరు, నోట్లో మౌనం. కొన్నేళ్ల కిందట ఇద్దరూ కోర్టు మెట్లెక్కి భార్యాభర్తలుగా లోపలికెళ్లి, కాసేపటికి ఎవరికి వారుగా బయటికొచ్చారు. ఆ రోజు పలకల సందుల్లోంచి కిందికి రాలిన మాటలు మూడే మూడు: "గరిటె", "నెత్తి", "ఇక నావల్ల కాదు". మధ్యలో ఒక ఏడుపు.

మూడు మాటలు మా ఊరికి ఎక్కువ. సాయంత్రానికల్లా కథ సిద్ధమైంది. టైలరమ్మ గరిటెతో మొగుడి నెత్తి పగలగొట్టింది. రాత్రంతా టకటకా మిషను తొక్కి ఆయన్ని నిద్రపోనివ్వలేదు. పాపం, ఆయన నోరు మెదపలేదు. నోరు మెదపని మగవాడు మా ఊళ్లో పుట్టుకతోనే నిర్దోషి. మనిషి మంచిదే కానీ కాపురం చేసే రకం కాదని టైలరమ్మ గురించి అందరూ ఒక నిర్ణయానికి వచ్చి, బట్టలు మాత్రం ఆవిడ దగ్గరే కుట్టించుకున్నారు.

గడియారాల ఆయన తర్వాత బేకరీ నడిపే అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. కొండ కింద పెళ్లిళ్ల ఆఫీసులో "మొదటి పెళ్లి సంగతేంటి?" అని అడిగితే "అయిపోయింది" అన్నాడట. వాళ్లు రాసుకున్నారు.

టైలరమ్మ వంతు వచ్చేసరికి ఆఫీసు పద్ధతులు బాగా మెరుగుపడ్డాయి. ఆవిడని చేసుకుంటానన్నది పోస్టు వ్యాన్ డ్రైవరు. కింద నుంచి ఉత్తరాలు తెచ్చే మనిషి. చలి కోటుకి జిప్పు పాడైందని ఒకసారి ఆవిడ దగ్గరికి వచ్చాడు. అదే జిప్పు ఆ ఏడాదంతా పాడవుతూనే ఉంది. సంగతి ఊరికి ముందు తెలిసింది, జిప్పుకి తర్వాత తెలిసింది, వాళ్లిద్దరికీ ఆఖరున తెలిసింది. చేతులు పట్టుకుని పెళ్లిళ్ల ఆఫీసుకి వెళ్తే, "విడాకుల ఉత్తర్వు ధ్రువీకృత నకలు జతపరచవలెను" అన్నారు.

టైలరమ్మకి అప్పట్లో నకలు ఇచ్చారు. మంచి మందపాటి కాగితం. కాలరు కత్తిరించడానికి అచ్చుగా పనికొస్తుందని ఆవిడ దాన్ని కోసేసింది. కాపురమే ముగిసిపోయాక ఆ కాగితంతో వేరే పనేముంటుందనుకుంది. ఊళ్లో సగం చొక్కాల కాలర్లు ఆ విడాకుల మీదే కోసినవి.

అంచేత కొత్త నకలు కోసం కోర్టు రికార్డు గుమస్తా దగ్గరికి వెళ్లింది. గుమస్తా ఆవిడ సొంత బాబాయి.

"బాబాయ్, ఒక నకలు కావాలి."

"ఆఫీసులో బాబాయి ఉండడు," అన్నాడు బాబాయి కళ్లజోడు సర్దుకుంటూ. "మీ పేరు?"

"నువ్వేగా పెట్టింది!"

"పూర్తి పేరు చెప్పండి. కేసు నంబరు?"

"నంబరు నకలు మీద ఉండేది. ఆ నకలు ఇప్పుడు లేదు."

"నంబరు లేనిదే నకలు ఇవ్వడానికి వీల్లేదు. నకలు చూపించనిదే నంబరు చెప్పడానికి వీల్లేదు. రెండింట్లో ఏదో ఒకటి తెచ్చుకుంటే రెండోది చిటికెలో పని."

"నువ్వు సాక్ష్యం చెప్పావు కదా బాబాయ్! నా తరఫున. నా పక్కనే నిలబడి."

బాబాయి ఇటూ అటూ చూసి, గొంతు తగ్గించి, కాస్త బాధపడుతూనే అన్నాడు: "అది రహస్య విచారణ అమ్మా. నేనేం చెప్పానో నాకు కూడా తెలియకూడదు."

ఆవిడ లేచి గుమ్మం దాటుతుంటే వెనకనుంచి అదే గొంతు మెత్తబడింది. "సాయంత్రం ఇంటికి రావే. పిన్ని నీకోసం ఎదురు చూస్తోంది."

సాయంత్రం పిన్ని అసలు సంగతి చెప్పింది. బాబాయి ఆఫీసు రహస్యాలు ప్రాణం పోయినా ఎవరికీ చెప్పడు. పిన్నికి తప్ప. పిన్ని కూడా ఎవరికీ చెప్పదు. అడిగినవాళ్లకి తప్ప. సంగతేమంటే, గతంలో పనిచేసిన ఒక జడ్జిగారు కుటుంబ కేసుల ఫైళ్ల మీద పేర్లు కనబడకూడదని ఆదేశించారు. బాబాయి విధి నిర్వహణలో ఆదేశంతో ఆగే మనిషి కాదు. పేర్లు తీసేశాడు. నంబరు చూసి పేరు ఊహిస్తారేమోనని నంబర్లు తీసేశాడు. సంవత్సరం కూడా తీసేశాడు. అన్నిటికీ ఒకే గోధుమరంగు అట్ట, ఒకే పురికొస, ఒకే ముడి. సూచిక ఉంటే రహస్యానికి ముప్పు కాబట్టి సూచిక రాయలేదు. చూసీ చూసీ తనకే గుర్తుండిపోతుందేమోనని భయపడి, అప్పుడప్పుడూ పేకముక్కల్లా కలిపేవాడు కూడా. ఇందుకుగాను ఆయనకి పైవారి నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. ఆ ఒక్క కాగితం మాత్రం అద్దం బిగించి, కుర్చీ వెనక అందరికీ కనపడేలా పెట్టారు.

"మరి ఎట్లా పిన్నీ?" అంది టైలరమ్మ.

"జడ్జిగారినే అడుగు. కొత్తాయన వచ్చాడట. పెద్ద వయసు. పెద్దగా అరవడట."

వాయిదా రోజు వచ్చింది. కొత్త జడ్జిగారు నిజంగానే అరిచే మనిషి కాదు. దరఖాస్తు రెండుసార్లు చదివి, "విడాకులు అయినట్టు తెలిసినవాళ్లు ఇద్దరు చెబితే చాలమ్మా, వెతికించమని ఉత్తర్వు ఇస్తాను," అన్నారు. ఇది రహస్య విచారణ కాదు కనక తలుపులు బార్లా తీశారు.

ఇద్దరేమిటి, ఊరు ఊరంతా వచ్చింది. మెట్ల మీద తోపులాట. మంచి పనికి మావాళ్లు ఎప్పుడూ ముందుంటారు. అందరికన్నా ముందు సెలూన్ ఆయన నిలబడ్డాడు, ఉతికిన చొక్కా వేసుకుని, చేతులు కట్టుకుని.

"అయ్యా, ఆ కేసులో ప్రతి మాటా నాకు గుర్తుంది."

"సంతోషం. మీరప్పుడు లోపల ఉన్నారా?"

"లేదండీ. తలుపు మూసి ఉంది కదండీ."

"మరి ఎలా విన్నారు?"

సెలూన్ ఆయన నేలకేసి చూశాడు. జడ్జిగారు కూడా చూశారు. పలకల సందుల్లోంచి సెలూన్ కుర్చీ, కుర్చీ పక్క సబ్బు గిన్నె స్పష్టంగా కనబడుతున్నాయి.

"రహస్య విచారణని చాటుగా వినడం నేరం. తెలుసు కదా?" అన్నారు జడ్జిగారు, వాతావరణం గురించి మాట్లాడినంత మామూలుగా.

మా ఊరి చరిత్రలో ఒక అపూర్వమైన ఘట్టం అప్పుడు సంభవించింది. ఎవరికీ ఏమీ తెలియలేదు. సెలూన్ ఆయనకి ఆ రోజు చెవిపోటు. కిరాణా కొట్టావిడ ఆ రోజు ఊళ్లోనే లేదు. బడి హెడ్మాస్టరుగారైతే టైలరమ్మ ఎవరో తనకు పరిచయమే లేదన్నారు. ఆయన వేసుకున్న కోటు ఆవిడ కుట్టిందే. భుజం మీద దారం పోగు కూడా ఇంకా ఊడలేదు. టైలరమ్మ ఒక్కొక్కరి మొహంలోకీ చూస్తూ నిలబడింది. అందరూ ఆమె చూపు తప్పించి కిటికీలోంచి కొండని మెచ్చుకుంటున్నారు.

"ఏళ్ల తరబడి నా వెనకాల చెప్పుకున్నారు కదా," అంది ఆవిడ. "ఇవాళ ఒక్కసారి నా ముందు చెప్పండి. మీరు చెప్పుకున్నట్టే చెప్పండి, ఫర్వాలేదు. గరిటె కూడా చెప్పండి."

హెడ్మాస్టరుగారు భుజం మీది దారం పోగు పీక్కున్నారు.

జడ్జిగారు నిట్టూర్చి, గడియారాల ఆయన్ని పిలిచారు. ఆయన తన నకలు తెచ్చాడు. తెచ్చాడు కానీ, ఇన్నాళ్లూ దాన్ని సొరుగులో చక్రాల కింద పరిచాడు. నూనె పీల్చి పీల్చి అక్షరాలన్నీ అలుక్కుపోయాయి. జడ్జిగారు దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూశారు. అవతల కొండ బాగా కనబడింది.

"పెళ్లి అయినట్టు కాగితం ఉంది. రద్దయినట్టు లేదు. కాబట్టి చట్టం దృష్టిలో ప్రస్తుతానికి మీరిద్దరూ ఇంకా భార్యాభర్తలే," అన్నారు.

ఆ మాటకి వెనక బల్ల మీద నుంచి బేకరీ ఆవిడ దిగ్గున లేచింది. చేతులకి ఇంకా పిండి ఉంది.

"అయితే నేనెవర్నండీ?"

"మీరెవరమ్మా?"

"ఆయన భార్యని!"

"ఏ కాగితం చూపించి చేసుకున్నారు?"

"ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదండీ. 'అయిపోయింది' అన్నాడు."

జడ్జిగారు గడియారాల ఆయన కేసి చూశారు. ఆయన భూతద్దం కళ్ల మీదికి దించుకున్నాడు.

ఇక మిగిలింది ఫైలు. బాబాయి లేచి, రికార్డుల భద్రతకై తాను చేపట్టిన చర్యలను సవినయంగా, సవివరంగా, కొంత గర్వంగా విన్నవించాడు. టైలరమ్మ ఫైలు దొరకాలంటే అందరి ఫైళ్లూ విప్పాలి. అందరివీ విప్పితే గోప్యత పోతుంది. విప్పకపోతే ఫైలు దొరకదు. దొరక్కపోవడమే అత్యున్నత గోప్యత అని ముగించాడు.

జడ్జిగారు అద్దం బిగించిన ప్రశంసాపత్రాన్ని పైనుంచి కిందిదాకా చదివారు. "వచ్చే నెల నేనే స్వయంగా విప్పుతాను. తలుపులు మూసి. మొదటి వరుస మాత్రమే చదువుతాను. కానిదైతే అక్కడికక్కడే ముడి వేసేస్తాను," అన్నారు.

ఊరి గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే ఆ గోధుమరంగు అట్టల్లో లేని ఇల్లు లేదు. భరణాలు, పోషణలు, పిల్లలు ఎవరి దగ్గరుండాలన్న తగువులు, పెట్టి వెనక్కి తీసుకున్న పిటిషన్లు. నా ఫైలు సంగతి ఇక్కడ అప్రస్తుతం. బడిలో అత్యవసర సమావేశం జరిగింది. హెడ్మాస్టరుగారు అధ్యక్షత వహించి ఇలా ప్రసంగించారు:

"సోదర సోదరీమణులారా! ఒక వ్యక్తి పెళ్లి కోసం ఊరందరి పరువూ విప్పి చూడటం ఏ నాగరికత? ఇంటి గుట్టు ఇంట్లో ఉండాలి. ఒకరి విషయాల్లో ఒకరం తలదూర్చే అలవాటు మన ఊళ్లో ఏనాడైనా ఉందా? లేదు! ఈ ఉన్నత సంస్కృతిని కాపాడుకోవడం మన కర్తవ్యం!"

చప్పట్లు మోగాయి. అందరికన్నా గట్టిగా సెలూన్ ఆయన కొట్టాడు. మంచు త్వరగా పడితే రోడ్డు మూసుకుపోతుందని, జడ్జిగారు రాలేరని, అప్పటికి టైలరమ్మ కూడా మనసు మార్చుకుంటుందని ఆశాభావం వ్యక్తమైంది. మావాళ్లు ఆకాశం కేసి అంత భక్తిగా చూడటం నేనెప్పుడూ ఎరగను.

మర్నాడు టైలరమ్మ కొట్టుకి బేకరీ ఆవిడ వచ్చింది. ఇన్నేళ్లలో ఆ గుమ్మం తొక్కడం అదే మొదలు. ఎదురుపడితే ఇద్దరూ తలొక వైపు చూసుకునేవారు. అది ఊరు నిర్ణయించిన పద్ధతి. వాళ్లిద్దరికీ నిజంగా తగువేముందో వాళ్లకే తెలీదు.

"ఇప్పుడేం చేద్దాం అక్కా?" అంది స్టూలు మీద కూలబడి.

"ఏముంది. ఆయన్ని తీసుకొచ్చి నాకు అప్పగించెయ్."

బేకరీ ఆవిడ మొహం పాలిపోయింది. తర్వాత టైలరమ్మ కళ్లలోకి చూసింది. ఇద్దరూ ఒక్కసారిగా పకపకా నవ్వారు. ఎదురు కొట్లో కిరాణా ఆవిడ తూకం వేస్తూ వేస్తూ ఆగిపోయి, చెంప మీద చెయ్యి వేసుకుంది.

నవ్వు తగ్గాక బేకరీ ఆవిడ అడిగింది. "అక్కా, ఒక్క మాట. నిజంగా గరిటెతో కొట్టావా?"

"నీకు ఆయనేం చెప్పాడు?"

"ఏమీ చెప్పలేదు. ఎన్నిసార్లు అడిగినా ఒకటే మాట. 'మంచి మనిషి' అంటాడు."

టైలరమ్మ తొక్కుతున్న మిషను ఆగింది. సూదిలోంచి దారం తీసి, మళ్లీ ఎక్కించబోయింది. రెండుసార్లు తప్పింది.

"నన్నడిగినా నేనూ అదే చెప్తానే," అంది.

మంచు నిజంగానే తొందరగా వచ్చింది. వాయిదా ముందురోజు నుంచే సన్నగా రాలడం మొదలైంది. బస్సు ఆపేశారు. ఊళ్లో సంబరం. జడ్జిగారు రారు. సెలూన్ ఆయన ఆ పూట కొందరికి ఊరికే తల దువ్వాడు కూడా.

పొద్దున్నే మలుపు దగ్గర హారను మోగింది. పోస్టు వ్యాను. దాని చక్రాలకి గొలుసులు. డ్రైవరు దిగి వెనక తలుపు తీశాడు. ఉత్తరాల సంచుల మధ్య, ఒళ్లో పార్సిల్ పెట్టుకుని, మఫ్లరులోంచి ముక్కు మాత్రం కనబడుతూ జడ్జిగారు కూర్చున్నారు.

"బస్సు లేదన్నారు సార్‌కి," అన్నాడు డ్రైవరు జనంతో, వినయంగా. "పైకి చేర్చాల్సినవి చేర్చడమే కదా మా డ్యూటీ."

జడ్జిగారు, బాబాయి లోపలికెళ్లారు. తలుపు మూశారు. బోర్డు తగిలించారు. కింద సెలూన్‌లో ఊపిరి పీల్చుకునే చోటు లేదు. ఈసారి ఎవరూ గడ్డాలు పెరిగినట్టు నటించలేదు. పైనుంచి వినపడుతున్నదల్లా చప్పుళ్లే. పురికొస విప్పడం, కాగితం తిరగడం, పురికొస కట్టడం. విప్పడం, తిరగడం, కట్టడం. ఒక ఫైలు దగ్గర కాస్త ఆలస్యమైతే కింద చెమటలు పట్టేవి. ఒకచోట జడ్జిగారు "అరెరె" అన్నారు. హెడ్మాస్టరుగారు ఆసరాకి గోడ పట్టుకున్నారు. ఇంకోచోట జడ్జిగారు గట్టిగా నవ్వారు. ఆ నవ్వుకి మా ఊళ్లో కొన్ని ఇళ్లలో ఇప్పటికీ మనశ్శాంతి లేదు.

మధ్యాహ్నం దాటింది. మంచు చిక్కబడింది. డ్రైవరు ఇంజను ఆపకుండా వ్యాన్ పక్కనే నిలబడి రోడ్డు కేసి చూస్తున్నాడు. ఇంకాస్త ఆలస్యమైతే కిందికి దిగడం కుదరదు. టైలరమ్మ మెట్ల దగ్గర నిలబడి ఉంది. రాలిన మంచు భుజాల మీద పేరుకుంటోంది. దులుపుకోలేదు. బేకరీ ఆవిడే వచ్చి దులిపింది.

చివరికి తలుపు తెరుచుకుంది. "దొరికింది," అన్నాడు బాబాయి. గొంతులో సంతోషమో ఓటమో తెలీలేదు. టైలరమ్మనీ గడియారాల ఆయన్నీ లోపలికి పిలిచారు. మళ్లీ తలుపు మూశారు, నిబంధన ప్రకారం. జడ్జిగారు ఉత్తర్వు చదవడం మొదలుపెట్టారు. సెలూన్‌లో అందరి మెడలూ పైకి తిరిగాయి.

"దంపతులిద్దరూ ఇష్టపూర్వకంగా విడిపోతున్నారు. ఒకరి మీద ఒకరికి ఏ ఫిర్యాదూ లేదు. ఒకరి గురించి ఒకరు మంచి మాటే చెప్పారు. కారణం అడగవలసిన అవసరం కోర్టుకు కనబడలేదు. వివాహం రద్దు చేయడమైనది."

అంతే.

కింద ఎవరికీ నమ్మకం కుదరలేదు. ఎదురు చూశారు. ఇంకా ఎదురు చూశారు. పట్టలేక సెలూన్ ఆయన నోటి వెంట కేక వచ్చేసింది. "తర్వాతి పేజీ చదవండి సార్!"

జడ్జిగారు వంగి, నేల సందులోకి చూస్తూ, అక్కడెవరో ఉన్నట్టే మర్యాదగా జవాబిచ్చారు.

"తర్వాతి పేజీ లేదు బాబూ."

"మరి గరిటె?" అంది ఇంకో గొంతు.

"ఆ రోజు చాలా కేసులు విచారించినట్టున్నారు. గరిటె వేరే ఫైల్లో ఉంది. ఇందాకే చూశాను. అది రహస్యం."

పైన బాబాయికి దగ్గు తెర వచ్చింది. కింద గుంపులోంచి పిన్ని, పొయ్యి మీద పాలు పెట్టి వచ్చానంటూ, అందర్నీ తోసుకుంటూ హడావిడిగా వెళ్లిపోయింది.

టైలరమ్మ నకలు చేతిలోకి తీసుకుని నిలబడే చదువుకుంది. "మంచి మాటే చెప్పారు" అన్న దగ్గర వేలు ఆపింది. గడియారాల ఆయన భూతద్దం తీసి జేబులో పెట్టుకున్నాడు. అలా అద్దం లేకుండా ఆయన మొహం చూసి చాలా కాలమైంది.

"నువ్వు నిజంగా చెప్పావా అప్పుడు?" అంది ఆవిడ.

"నువ్వు కూడా చెప్పావుగా," అన్నాడు ఆయన. మా ఊరివాళ్లకి తెలిసి ఆయన మాట్లాడిన అతి పెద్ద వాక్యం అదే.

వ్యాను వెంటనే బయల్దేరింది. ముందు సీట్లో జడ్జిగారు, టైలరమ్మ. వెనక సంచుల మీద పెళ్లికి సాక్షులుగా గడియారాల ఆయన, బేకరీ ఆవిడ. వాళ్లు చివరి మలుపు దిగాక రోడ్డు మూసేశారు. మర్నాడు పెళ్లిళ్ల ఆఫీసులో టైలరమ్మ నకలుని ముందూ వెనకా తిప్పి, వెలుతురుకి పెట్టి, ముద్ర గీకి చూసి, అప్పుడు ఒప్పుకున్నారట. డ్రైవరుని ఏమీ అడగలేదట.

"నేనడుగుతాను," అందట టైలరమ్మ సంతకం పెట్టబోతూ ఆగి. "నీ పేరు మీద ఎక్కడైనా ఫైళ్లున్నాయా?"

"వేగంగా నడిపినందుకు ఒకటుంది. నీ దగ్గరికి వస్తున్నప్పుడు," అన్నాడట ఆయన. ఆవిడ సంతకం పెట్టింది.

ఇక్కడ పైన, మంచులో, మాకు వేరే పని లేదు. ఆ ఒక్క పేజీ ఉత్తర్వు మీద సెలూన్‌లో సుదీర్ఘమైన చర్చలు జరిగాయి. తప్పు ఎవరిదీ లేకుండా ఇద్దరు మనుషులు విడిపోవడం అసంభవమని ఏకగ్రీవంగా తేలింది. కాబట్టి రికార్డులోనే లోపం ఉంది. "సదరు ఉత్తర్వు అసంపూర్ణంగా ఉన్నందున, ప్రజలకు తెలిసిన కారణాలను అందులో చేర్చవలసిందిగా" హెడ్మాస్టరుగారు ఒక వినతిపత్రం తయారు చేశారు. కారణాలు తెలిసినవారు కింద సంతకం చెయ్యాలి. అందరూ కలం దాకా వచ్చి, పైన పలకల సందుల కేసి ఒకసారి చూసి, ముందు పక్కవాళ్లని చెయ్యమన్నారు.

ఎండ కాసి రోడ్డు తెరిచాక టైలరమ్మ తిరిగి వచ్చి కొట్టు తెరిచింది. మొదట వచ్చింది కిరాణా కొట్టావిడ, రవిక కొలత ఇవ్వడానికి. చేతులు చాపి నిలబడి, చుట్టూ చూసి, చెవిలో అడిగింది. "ఇప్పుడెలాగూ అంతా అయిపోయింది కదా. పోనీ నాకొక్కదానికీ చెప్పు. అసలెందుకు విడిపోయారు?"

"కాగితంలో ఉన్నదే వదినా."

"కాగితంలో ఏమీ లేదుగా!"

"అదే," అంది టైలరమ్మ, టేపు చుట్టుకుంటూ.

కిరాణా ఆవిడ నమ్మలేదు. మా ఊళ్లో ఎవరూ నమ్మలేదు. చదువు తక్కువ, లోకజ్ఞానం తక్కువ, కొండ మీద పడి ఉండే జనం, ఏం చేస్తాం. మీ సంగతి వేరు. మీరు పరుల గుట్టు మీద ఆసక్తి లేని మనుషులు. మరి ఇందాకటి నుంచీ ఆ పేజీలు వెనక్కి తిప్పుతున్నారెందుకు? కారణం నేనెక్కడో చెప్పే ఉంటాను, మీరే చూసుకోలేదనా?

తిప్పండి, ఫర్వాలేదు. తలుపు మాత్రం మూసుకోండి.